పడవ వెనుక పలకకు ఔట్‌బోర్డ్ ఇంజిన్ బ్రాకెట్ బిగించడం ఎలా

నాగార్జున సాగర్‌లో, సోమశిల దగ్గర, జూరాల మీద తెడ్డు పడవలకు వెనుక బయట తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజిన్ పెట్టుకుంటున్నవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఒకటే: బ్రాకెట్ (ఇంజిన్‌ను మోసే చట్రం) ఎంత ఎత్తులో ఉండాలి, బోల్టులకు రంధ్రాలు ఎక్కడ వేయాలి? ఎత్తు లెక్క కష్టమేమీ కాదు, కాస్త తప్పినా సరిదిద్దుకోవచ్చు. సరిదిద్దుకోలేనిది వేరే ఉంది. రంధ్రం గోడల్లోంచి నీళ్లు పలక లోపలి చెక్కలోకి దిగితే రెండు మూడు వానాకాలాల్లో లోపలంతా మెత్తబడిపోతుంది. పైన ఫైబర్ మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. పలకలు ఊడిపోయేది చాలావరకు ఇంజిన్ బరువుకు కాదు, ఈ కుళ్లుకే. అందుకే ఇక్కడ రంధ్రాల దగ్గరే ఎక్కువసేపు ఆగుతాం.

ఇందులోని కొలతలు 14 నుంచి 18 అడుగుల ఫైబర్ లేదా చెక్క పడవకు, 8 నుంచి 10 హెచ్‌పీ ఇంజిన్‌కు సరిపోతాయి. పుట్టికి ఈ పద్ధతి పనికిరాదు, దానికి వెనుక పలక ఉండదు. రెండు కొసలూ మొనదేలిన నాటు పడవకూ అంతే. దానికి అడ్డంగా దూలం వేసి పక్కన బిగించే బ్రాకెట్ కావాలి, ఆ పని వేరు.

కావాల్సినవి

- ఇంజిన్ బరువుకూ హెచ్‌పీకీ సరిపడే బ్రాకెట్. దాని మీద రాసిన పరిమితి రెండింటికీ చూడండి. ఒకే హెచ్‌పీ ఉన్నా టూ స్ట్రోక్ కంటే ఫోర్ స్ట్రోక్ బరువు ఎక్కువ.
- 10 మి.మీ. స్టెయిన్‌లెస్ బోల్టులు 4, నైలాక్ నట్లు (లోపల నైలాన్ ఉంగరం ఉండి, వదులవకుండా పట్టే నట్లు) 4, పెద్ద వాషర్లు 4. చేతిలో రెండేసి అదనంగా ఉంచుకోండి.
- లోపలి వైపు ఆనిక పలక: 6 మి.మీ. అల్యూమినియం ప్లేటు, లేదా 12 మి.మీ. మెరైన్ ప్లై. బ్రాకెట్ అడుగు కంటే చుట్టూ కనీసం 2 అంగుళాలు పెద్దది.
- మెరైన్ పాలీయురేథేన్ సీలెంట్ ఒక ట్యూబు.
- ఎపాక్సీ రెసిన్, హార్డనర్, చిక్కబరచడానికి ఎయిరోసిల్ పొడి.
- డ్రిల్ మిషన్. 3, 10, 16 మి.మీ. బిట్లు, రంధ్రం అంచు వాలుగా చెక్కే కౌంటర్‌సింక్ బిట్.
- 6 అడుగుల, వంకర లేని అల్యూమినియం బాక్సు పైపు, టేపు, మూలమట్టం, దారం.
- మాస్కింగ్ టేపు, అసిటోన్, గ్రీజు, 17 నంబరు పానాలు రెండు, ముక్కుకు మాస్కు, కళ్లద్దాలు.

బోల్టు పొడవు కొనే ముందే లెక్కేయండి. పలక 45 మి.మీ., బ్రాకెట్ ప్లేటు 6, ఆనిక పలక 6, వాషర్ 2, నట్టు 10, బయటికి రావాల్సిన మర 3. మొత్తం 72. అంటే 75 మి.మీ. బోల్టు తీసుకోవాలి. మీ పలక మందం గానీ ఆనిక పలక మందం గానీ వేరైతే ఆ అంకె మార్చుకోండి.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగితే రెండు రకాల స్టెయిన్‌లెస్ బోల్టులు దొరుకుతాయి. తల మీద ఏ2 అని ఉంటే 304 రకం, ఏ4 అని ఉంటే 316. సముద్రంలో అయితే 316 తప్పనిసరి. మన కృష్ణ నీళ్లకు 304 చాలు, ఆ మిగిలే డబ్బు మంచి సీలెంట్ మీద పెట్టండి. తల మీద గుర్తే లేని బోల్టు వద్దు. అయస్కాంతం గట్టిగా పట్టుకుంటే అది పూత పూసిన ఇనుము అయ్యే అవకాశమే ఎక్కువ, వదిలేయండి.

వెల్డింగ్ షాపులో బ్రాకెట్ చేయించుకునేవాళ్లు 50×50×6 మి.మీ. యాంగిల్ వాడమనండి. మూసిన బాక్సు పైపుతో చేస్తే లోపల తేమ చేరి తుప్పు పడుతుంది, కింద చిన్న నీటి రంధ్రం తప్పనిసరి. సిల్వర్ పెయింట్ ఒక్క వానాకాలం కూడా ఆగదు. వేడి గాల్వనైజింగ్ చేయించాలి.

మొదలుపెట్టే ముందు పలకను పరీక్షించండి

స్క్రూడ్రైవర్ పిడితోనో, ప్లాస్టిక్ సుత్తితోనో పలకంతా ప్రతి రెండు అంగుళాలకు ఒకసారి తట్టండి. గట్టి చోట టంగుమని మోగుతుంది, కుళ్లిన చోట మొద్దుగా ధ్వనిస్తుంది. అనుమానం ఉన్న చోట లోపలి వైపు నుంచి 3 మి.మీ. బిట్‌తో సగం లోతు వరకు రంధ్రం వేసి, వచ్చే పొట్టు చూడండి. పొడిగా లేతరంగులో వస్తే మంచిది. తడిగా, నల్లగా, బురదలా వస్తే పని అక్కడే ఆపేయండి. కుళ్లిన చెక్క మీద ఎంత మంచి బ్రాకెట్ బిగించినా అది నిలవదు. ముందు చెక్క మార్చాలి.

పలక మందం 35 మి.మీ. కంటే తక్కువైతే లోపలి వైపు 18 మి.మీ. మెరైన్ ప్లై ఎపాక్సీతో అతికించి, దాని నుంచి పడవ అడుగుకు రెండు వైపులా మోకాలి ఆనికలు (మోకాలిలా వంగి మూలను పట్టే ఆధారాలు) పెట్టించండి.

పని క్రమం

1. పడవను ఒడ్డుకు చేర్చి, టైర్ల మీద కదలకుండా నిలపండి. పెట్రోలు డబ్బా, బ్యాటరీ తీసేయండి. నీళ్లలో తేలుతున్న పడవ మీద కొలతలు తీయొద్దు. అది ఊగినప్పుడల్లా కొలత మారుతుంది.

2. నడిమి గీత గుర్తించండి. వెనుక పలక రెండు అంచుల మధ్య కొలిచి సగం గుర్తు పెట్టండి. తర్వాత పడవ ముక్కు నుంచి పలక రెండు పై మూలలకు దారం లాగి చూడండి. రెండు పొడవులూ సమానమైతేనే పడవ సూటిగా ఉన్నట్టు. చేత్తో కట్టిన పడవల్లో తేడా మామూలే. తేడా వస్తే అడుగు దూలాన్ని చూసి నడిమి గీత సరిచేయండి, పలక అంచులను నమ్మొద్దు. ఇప్పటికే మధ్యలో పెద్ద ఇంజిన్ ఉండి, ఇది రెండోదైతే, రెండూ పూర్తిగా తిప్పినా ఫ్యాన్లు (ప్రొపెల్లర్లు) తగలనంత దూరం వదలాలి.

3. ఇంజిన్‌ను కొలవండి. షార్ట్ షాఫ్ట్ 15 అంగుళాలు, లాంగ్ షాఫ్ట్ 20 అంగుళాలు అని చెప్పేది పలక ఎత్తు లెక్క. మీకు కావాల్సింది అసలు కొలత. ఇంజిన్ పలక మీద కూర్చునే కొక్కెం లోపలి అంచు నుంచి, ఫ్యాన్ పైన అడ్డంగా ఉండే రెక్క ప్లేటు వరకు నిలువుగా కొలవండి.

4. ఎత్తు లెక్కించండి. బాక్సు పైపును పడవ అడుగుకు ఆనించి వెనక్కి ఇంజిన్ ఉండే చోటి దాకా చాచండి. నెమ్మదిగా నడిచే పడవకు రెక్క ప్లేటు ఆ పైపు పై అంచు గీతకు 25 మి.మీ. కిందికి ఉండాలి. ఇంజిన్ కొలత 430 మి.మీ. వచ్చిందనుకోండి. అందులోంచి 25 తీసేస్తే 405. బాక్సు పైపు నుంచి బ్రాకెట్ చెక్క (ఇంజిన్ కొక్కెం కూర్చునే చెక్క) పై అంచు 405 మి.మీ. ఎత్తులో ఉండాలి. వలలతో, మనుషులతో ముందుభాగం బరువెక్కి వెనుక లేచే పడవ అయితే 40 మి.మీ. కిందికి పెట్టండి. వేగంగా నీటి మీద లేచి పరుగెత్తే పడవ అయితే ప్లేటు గీతకు సమానంగా ఉంటే చాలు. అలాంటి పడవల్లో బ్రాకెట్ ఇంజిన్‌ను పలక నుంచి వెనక్కి జరిపే కొద్దీ, ప్రతి అడుగు దూరానికీ సుమారు అంగుళం పైకి ఎత్తుతారు.

పైకీ కిందికీ కదిలే రకం బ్రాకెట్ అయితే ఈ కొలత అది దిగి తాళం పడిన స్థితిలో తీయాలి. లేచిన స్థితిలో తీసుకుని రంధ్రాలు వేసేస్తే ఇంజిన్ అనుకున్న దానికంటే బాగా లోతుగా మునుగుతుంది.

5. వాలు చూడండి. ఔట్‌బోర్డ్ ఇంజిన్లు సుమారు 12 డిగ్రీలు వెనక్కి వాలిన పలక కోసం తయారవుతాయి. మన దగ్గర కట్టే చెక్క పడవల్లో పలక తరచుగా నిటారుగా ఉంటుంది. దానికి నేరుగా బిగిస్తే ఇంజిన్ కాలు (ఫ్యాన్ ఉండే కింది భాగం) వెనక్కి తన్నినట్టు నిలుస్తుంది, పడవ ముక్కు పైకి లేచి వెనుక భాగం కూరుకుపోతుంది. దీనికి చీలిక చెక్క పెట్టాలి. బ్రాకెట్ అడుగు ఎత్తు 300 మి.మీ. అయితే చీలిక పై కొస 64 మి.మీ. మందం, కింది కొస సున్నా. 200 మి.మీ. అయితే పైన 42 చాలు. లావు కొస ఎప్పుడూ పైనే. లోపలి వైపు కూడా అదే కోణంలో ఎదురు చీలిక పెట్టండి, దానికి లావు కిందికి రావాలి. అప్పుడే బయటి ముఖం, లోపలి ముఖం సమాంతరంగా ఉండి వాషర్ నిండుగా ఆనుతుంది. లేకపోతే బోల్టు తల ఒక పక్కే ఆని వంగుతుంది. చీలికలు పెట్టినప్పుడు బోల్టు పొడవు మళ్లీ లెక్కేసుకోవాలి.

6. బ్రాకెట్‌ను పలకకు ఉత్తగా పట్టి చూడండి. ఒకరు పట్టుకుంటే ఇంకొకరు లోపలికెళ్లి చూడాలి: బోల్టు బయటికొచ్చే చోట అడ్డదూలం, పైపు, మూల ఏదైనా ఉందా, పానా తిరిగే చోటుందా? ముందుకు తోసేటప్పుడు ఇంజిన్ పై బోల్టులను వెనక్కి లాగుతుంది, కింది అంచును పలకలోకి నొక్కుతుంది. అందువల్ల పై బోల్టులకూ కింది బోల్టులకూ మధ్య దూరం ఎంత ఎక్కువుంటే అంత మంచిది. అలాగని పై రంధ్రాన్ని పలక పై అంచుకు 2 అంగుళాల కంటే దగ్గరికి తేవొద్దు. కింది బోల్టులు వీలైనంత వరకు నీటి గీతకు పైనే ఉండాలి.

7. మాస్కింగ్ టేపు అంటించి దాని మీద గుర్తులు పెట్టండి. ఒకసారి మూలమట్టంతో, ఇంకోసారి నడిమి గీత నుంచి కొలిచి సరిచూడండి. ముందు ఒక్క రంధ్రానికే 3 మి.మీ. బిట్‌తో బయటి నుంచి లోపలికి వేసి, లోపల ఎక్కడ తేలిందో చూడండి. సరిగ్గా వస్తేనే మిగతా మూడు.

8. ఇప్పుడు 16 మి.మీ. బిట్‌తో వెడల్పు చేయండి. 10 మి.మీ. బోల్టుకు 16 మి.మీ. రంధ్రం పొరపాటు కాదు, కావాలనే. ఫైబర్ పైపొర పెచ్చులూడకుండా మొదట డ్రిల్‌ను వెనక్కి తిప్పుతూ పైపొర దాటించి, తర్వాత ముందుకు తిప్పండి. వేగం తక్కువ. లోపలి వైపు చెక్క ముక్క గట్టిగా అదిమి పట్టుకుంటే అటు పక్క చిట్లదు. ఫైబర్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు తీయొద్దు.

9. రంధ్రాలను ఎపాక్సీతో నింపండి. ఈ ఒక్క మెట్టు దాటేసినవాళ్లే తర్వాత పలక మార్చుకునేది. ముందు లోపలి వైపు రంధ్రానికి టేపు వేసి మూయండి. పల్చటి ఎపాక్సీని ఇయర్‌బడ్‌తో రంధ్రం గోడలకు బాగా పూయండి, చెక్క పీల్చుకుంటే ఇంకోసారి పూయండి. తర్వాత ఎయిరోసిల్ కలిపి, ఇడ్లీ పిండి కంటే కాస్త గట్టిగా చేసి, గాలి బుడగ లేకుండా లోపలి నుంచి బయటికి నింపుకుంటూ రండి. 45 మి.మీ. పలకలో ఒక్కో రంధ్రానికి 9 మిల్లీలీటర్లు పడుతుంది. వృథాతో కలిపి నాలుగింటికి 60 గ్రాములు చాలు.

మన ఎండల్లో ఎపాక్సీ గిన్నెలోనే గడ్డకట్టేస్తుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే పని చేసుకోవడానికి దొరికే సమయం దాదాపు సగమైపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్నే, నీడలో, వెడల్పాటి పళ్లెంలో రెండు రంధ్రాలకు సరిపడా మాత్రమే కలపండి. లోతైన గ్లాసులో కలిపితే అది తనలో తానే వేడెక్కి పొగ కక్కుతుంది.

ఫైబర్ షాపుల్లో చౌకగా దొరికే పాలిస్టర్ రెసిన్ ఇక్కడ వద్దు, అది చెక్కను గట్టిగా పట్టదు. ఎంసీల్ కూడా వద్దు. ముద్దలా కూర్చుంటుందే తప్ప చెక్కలోకి ఇంకదు.

10. 24 గంటలు ఆగి, గోటితో నొక్కి చూడండి. గోరు దిగకపోతే నింపిన చోట సరిగ్గా మధ్యలో 10 మి.మీ. రంధ్రం వేయండి. ఇప్పుడు బోల్టు చుట్టూ 3 మి.మీ. ఎపాక్సీ గోడ ఉంది. సీలెంట్ ఎప్పుడైనా విఫలమైనా నీళ్లకు చెక్క తగలదు. బయటి అంచును కౌంటర్‌సింక్‌తో 2 మి.మీ. వాలుగా చెక్కండి. సీలెంట్ ఆ వాలులో ఉంగరంలా చేరి నిలుస్తుంది, పైపొర కూడా చీలదు.

11. ముందు సీలెంట్ లేకుండా మొత్తం ఒకసారి బిగించి చూడండి. అన్ని బోల్టులూ చేత్తో నెడితే వెళ్లాలి. సుత్తితో కొడితే గానీ వెళ్లకపోతే రంధ్రం వంకర. తీసేసి, రెండు ముఖాలూ అసిటోన్‌తో తుడవండి. చమట చేయి పడినా సీలెంట్ పట్టదు.

12. సీలెంట్ పూసి బిగించండి. బ్రాకెట్ అడుగుకు, బోల్టు తల కింద, రంధ్రం వాలులో, బోల్టు మొదట్లో పూయాలి. అన్నీ బయటి వైపే. లోపలి నట్టు వైపు సీలెంట్ వద్దు. అక్కడా మూసేస్తే, బయటి నుంచి వచ్చిన నీళ్లు చెక్కలోనే బందీ అవుతాయి. తెరిచి ఉంటే లోపలికి కారి మీ కంటపడతాయి, సమయానికి తెలుస్తుంది.

బోల్టు బయటి నుంచి లోపలికి, నట్టు లోపల. మరకు కాస్త గ్రీజు రాయండి, స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ నట్టు వేడెక్కి అతుక్కుపోయే గుణం ఉంది. ఒకసారి పట్టేస్తే కోసి తీయడమే గతి. అందుకే ఇంపాక్ట్ మిషన్ వాడొద్దు, చేతి పానాతో నెమ్మదిగా తిప్పండి. బోల్టు తల కదలకుండా బయట ఒకరు పట్టుకోవాలి, లోపల నట్టు మాత్రమే తిరగాలి. బోల్టు తిరిగితే సీలెంట్ ఉంగరం చిరిగిపోతుంది.

మొదట నాలుగూ ఎదురెదురు క్రమంలో, చుట్టూ సీలెంట్ సన్నటి పూసలా బయటికొచ్చే వరకే బిగించండి. 24 గంటల తర్వాత ఇంకో పావు నుంచి అర చుట్టు బిగించండి. వాషర్ ప్లైలోకి దిగడం మొదలైతే అక్కడే ఆపాలి. పాలీయురేథేన్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది. పొడి ఎండల్లో పైన పొర కట్టినా లోపల పచ్చిగానే ఉంటుంది. కనీసం మూడు రోజులు నీళ్లకు దూరంగా ఉంచండి, వారం ఆగితే ఇంకా మంచిది.

13. ఇంజిన్ ఎక్కించండి. ఒడ్డు మీదే, ఇద్దరు మనుషులతో. స్ప్రింగు ఉన్న బ్రాకెట్‌తో ఇక్కడ జాగ్రత్త. ఇంజిన్ బరువు లేనప్పుడు తాళం విప్పితే స్ప్రింగు బ్రాకెట్‌ను ఒక్క ఉదుటున పైకి విసురుతుంది, వేళ్లు విరుగుతాయి. ఇంజిన్ కూర్చుని బిగుసుకునే వరకు పై తాళంలోనే ఉంచండి. ఇంజిన్ స్క్రూలు చెక్కను నమలకుండా కింద పల్చటి ప్లేటు పెట్టి, రెండూ ఒకేలా చేత్తో బిగించండి. చివరిగా భద్రతా గొలుసు, లేదా 12 మి.మీ. తాడు. దీని రెండో కొసను బ్రాకెట్‌కు కట్టొద్దు. పడవకు వేసిన వేరే కొక్కేనికి కట్టండి. బ్రాకెట్టే ఊడితే దానికి కట్టిన గొలుసు ఇంజిన్‌తో పాటే అడుగుకు పోతుంది.

14. ఇంజిన్ పూర్తిగా పైకెత్తి, ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి చూడండి. మూత గానీ హ్యాండిల్ గానీ పలకకు తగలకూడదు. వేసవిలో నీళ్లు దిగేకొద్దీ మునిగున్న బండలూ మోడులూ పైకి దగ్గరవుతాయి. వాటికి తగిలినప్పుడు ఇంజిన్ కాలు తనంతట తాను పైకి లేవాలి. ఆ దారికి బ్రాకెట్ అడ్డొస్తే దెబ్బంతా మీ నాలుగు బోల్టుల మీద పడుతుంది.

నీళ్లలో పరీక్ష

పడవ నీళ్లలోకి దించి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకముందే పదిహేను నిమిషాలు ఆగండి. లోపల నట్ల చుట్టూ పొడి కాగితం అద్దండి. తడి అంటితే తిరిగి ఒడ్డుకు. డ్రైవరు, పెట్రోలు డబ్బా వెనక కూర్చున్నాక పలక పై అంచు నీటికి జానెడు కంటే తక్కువ ఎత్తులో ఉంటే బరువు ముందుకు జరపాలి. సాయంత్రం గాలి లేస్తే ఆ జానెడూ సరిపోదు.

కూలింగ్ నీటి ధార నిలకడగా వస్తోందో లేదో చూసుకుని, నెమ్మదిగా పది నిమిషాలు నడపండి. ఆపి ఇంజిన్ స్క్రూలు మళ్లీ బిగించండి, మొదటిసారి అవి కచ్చితంగా వదులవుతాయి. తర్వాత ఒకరు వెనుక పలకనే చూస్తూ ఉండగా వేగం పెంచండి.

మలుపులో ఇంజిన్ ఒక్కసారిగా అరిచి పడవ ముందుకు పోకపోతే ఫ్యాన్ గాలి పీలుస్తోంది, అంటే ఇంజిన్ ఎత్తు ఎక్కువైంది. నీళ్లు కాలు వెంట ఎగిసి బ్రాకెట్ మీద పడుతుంటే లోతు ఎక్కువైంది. ముక్కు లేచి దిగకపోతే ముందు ఇంజిన్ వాలు పిన్నును ఒక రంధ్రం పడవ వైపు జరిపి చూడండి, అప్పటికీ తగ్గకపోతే చీలిక కావాలి. పలక పై అంచు కంటికి కనిపించేలా ముందుకూ వెనక్కీ ఊగుతుంటే వేగం తగ్గించి ఒడ్డుకు వచ్చేయండి. ఇంకా బిగిస్తే తగ్గుతుందనుకోవద్దు. అది బోల్టుల లోపం కాదు, పలక బలహీనత. మోకాలి ఆనికలు వేయించాల్సిందే.

ఎత్తు మార్చాలంటే కొత్త రంధ్రాలు వేయకుండా, ముందు బ్రాకెట్ చెక్క పై అంచుకు పలక ముక్క కలిపి గానీ, చెక్కి గానీ చూడండి. తప్పక కొత్తవి వేయాల్సి వస్తే పాతవాటిని సిలికాన్‌తో కప్పెట్టొద్దు. సిలికాన్ మరక మీద తర్వాత ఎపాక్సీ గానీ రంగు గానీ పట్టవు. వాటినీ 9వ మెట్టులో చెప్పినట్టే నింపండి.

ఇంజిన్ ఎక్కిన పడవ 2021 నాటి ఇన్‌లాండ్ వెస్సెల్స్ చట్టం కింద యాంత్రిక పడవల లెక్కలోకి వస్తుంది. రిజిస్ట్రేషన్ సంగతి ముందే కనుక్కోండి. మనుషులను ఎక్కించుకోవాలంటే సర్వే పత్రం (పడవను తనిఖీ చేసి ఇచ్చే పత్రం) లేకుండా కదలొద్దు.

ఐదు గంటలు నడిచాక నట్లు ఒకసారి సరిచూసి, ప్రతి నట్టు నుంచి వాషర్ మీదికి రంగుతో సన్న గీత గీయండి. గీత విరిగితే నట్టు కదిలినట్టు. ఆ తర్వాత నెలకోసారి ఆ గీతలతో పాటు బోల్టుల చుట్టూ నక్షత్రంలా పగుళ్లు వచ్చాయేమో కూడా చూడండి. వానాకాలం వరద దిగాక బ్రాకెట్ ఒకసారి విప్పి, పాత సీలెంట్ బ్లేడుతో గీకి, పలకను మళ్లీ తట్టి చూసి, కొత్త సీలెంట్‌తో, కొత్త నైలాక్ నట్లతో బిగించండి. ఒకసారి విప్పిన నైలాక్ మునుపటిలా పట్టదు.